రియాక్టర్‌లో ఇంధనం అమరిక వెతికే ప్రోగ్రామ్: 16 ప్రాసెసర్లు పెట్టినా వేగం 5 రెట్లే పెరిగింది, ఎందుకు?

తెనాలి ఎంటెక్ | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఎంటెక్ రెండో ఏడాది ప్రాజెక్టులో ఒక చోట ఆగిపోయాను, సాయం కావాలి.

ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్‌లో ఏ ఇంధన అసెంబ్లీని (యురేనియం కడ్డీల కట్టను) ఎక్కడ పెడితే మంచిదో వెతికే ప్రోగ్రామ్ రాస్తున్నాను. ఎంఐటీ వాళ్లు 2013లో అందరికీ అందుబాటులో పెట్టిన బీవర్స్ అనే రియాక్టర్ నమూనా తీసుకున్నాను. అందులో 193 అసెంబ్లీలు. మొదటి సైకిల్‌లో (ఒకసారి ఇంధనం నింపాక మళ్లీ మార్చేదాకా నడిచే కాలం) యురేనియం-235 శాతం 1.6 ఉన్నవి 65, 2.4 ఉన్నవి 64, 3.1 ఉన్నవి 64. వీటి చోట్లు మార్చి మార్చి చూసి, అన్నిటికంటే ఎక్కువ వేడెక్కే అసెంబ్లీ పవర్ సగటు కంటే ఎన్ని రెట్లు ఉందో ఆ సంఖ్యను తగ్గించాలి. దాన్నే పీకింగ్ ఫ్యాక్టర్ అంటున్నాను.

జెనెటిక్ అల్గారిదం వాడాను, అంటే మంచి అమరికల్ని కలిపి, కాస్త మార్చి, తరతరానికీ మెరుగుపరిచే పద్ధతి. తరానికి 100 అమరికలు. ఒక్కో అమరికకు న్యూట్రాన్లు ఎలా పరుచుకుంటాయో చెప్పే రెండు గ్రూపుల డిఫ్యూజన్ లెక్క పైథాన్‌లో, నమ్‌పై అనే గణిత లైబ్రరీతో రాసుకున్నాను. ఒక్కోదానికి 3 నుంచి 9 సెకన్లు పడుతుంది. డిపార్ట్‌మెంట్ సర్వర్‌లో 16 ప్రాసెసర్లు ఉన్నాయి. ఏ అమరిక లెక్క దానిదే కదా, ఒకదానితో ఒకటికి సంబంధం లేదు, కాబట్టి వేగం 16 రెట్లు పెరగాలి అనుకున్నాను. 5 రెట్లు మాత్రమే పెరిగింది. వచ్చే నెల రివ్యూ. టెన్షన్‌గా ఉంది.

థ్రెడ్‌పూల్ | సోమవారం, రాత్రి 9:48

తెనాలి గారూ, ముందు ఒక పని చేయండి. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఇంకో విండోలో టాప్ కమాండ్ ఇచ్చి, లోడ్ యావరేజ్ (ప్రాసెసర్ల కోసం పోటీపడే పనుల సంఖ్య) ఎంత చూపిస్తోందో చెప్పండి.

ఇంకో మాట, ఈ చర్చలో రెండు రకాల ‘కోర్’లు ఉన్నాయి. రియాక్టర్‌ది ఒకటి, కంప్యూటర్‌ది ఒకటి. కంప్యూటర్‌దాన్ని ప్రాసెసర్ అనే అందాం, లేకపోతే నాలుగు పోస్టుల తర్వాత ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియదు.

తెనాలి ఎంటెక్ | సోమవారం, రాత్రి 10:02

250 పైనే చూపిస్తోంది! 16 ప్రాసెసర్లే కదా, అంత ఎలా?

థ్రెడ్‌పూల్ | సోమవారం, రాత్రి 10:31

దొరికింది. మీరు 16 ప్రాసెస్‌లు తెరిచారు, బాగుంది. కానీ నమ్‌పై లోపల ఉన్న లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీ మీకు చెప్పకుండానే ఒక్కో ప్రాసెస్‌లో 16 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని పాయలు) తెరుస్తుంది. 16 పదహార్లు 256. పదహారు కుర్చీల కోసం 256 మంది తోసుకుంటున్నారు. పని చేసే సమయం కంటే కుర్చీ మారే సమయం ఎక్కువైపోతోంది. ప్రోగ్రామ్ మొదలయ్యే ముందే ఆ లైబ్రరీ థ్రెడ్ల సంఖ్యను 1 అని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి. నమ్‌పైని ఇంపోర్ట్ చేయకముందే పెట్టాలి, తర్వాత పెడితే పనిచేయదు.

రెండోది, 100 అమరికల్ని 16 మందికి పంచితే ఆరు విడతల్లో 96 అయిపోతాయి, 4 మిగులుతాయి. ఆ నాలుగు పూర్తయ్యేదాకా 12 ప్రాసెసర్లు ఖాళీగా కూర్చుంటాయి. 96 గానీ 112 గానీ పెట్టుకోండి.

మూడోది, ఒక అమరికకు 3 సెకన్లు, ఇంకోదానికి 9 సెకన్లు అన్నారు. పనిని ముందే సమానంగా కోసి పంచితే, కష్టమైనవన్నీ ఒకరి వాటాలో పడొచ్చు. ఎవరు ఖాళీ అయితే వాళ్లు తర్వాతిది తీసుకునేలా పెట్టండి.

నాలుగోది, అమరిక లెక్క కట్టిన ప్రతిసారీ క్రాస్ సెక్షన్ల (న్యూట్రాన్లు ఏ పదార్థానికి ఎంతగా తగులుతాయో చెప్పే సంఖ్యల) ఫైల్‌ను డిస్క్ నుంచి చదువుతున్నారా? చాలామంది అక్కడే ఇరుక్కుంటారు.

తెనాలి ఎంటెక్ | సోమవారం, రాత్రి 10:40

చదువుతున్నాను సార్. ప్రతిసారీ.

థ్రెడ్‌పూల్ | సోమవారం, రాత్రి 10:44

అయితే అదీ మార్చండి. ఒక్కసారి చదివి మెమరీలో పెట్టుకుంటే చాలు. ఒక లెక్క గుర్తుంచుకోండి. కంప్యూటర్ శాస్త్రవేత్త ఆమ్‌డాల్ 1967లోనే చెప్పినదాని ప్రకారం, మొత్తం పనిలో 10 శాతం ఒక్కరే చేయాల్సినదైతే, 16 ప్రాసెసర్లతో వచ్చేది 6.4 రెట్లు. లక్ష ప్రాసెసర్లు పెట్టినా 10 రెట్లు దాటదు. మీ దగ్గర ఆ 10 శాతం ఎక్కడ దాక్కుందో వెతకడమే అసలు పని.

కోర్ లెక్కల మనిషి | మంగళవారం, ఉదయం 6:20

నేను రియాక్టర్ ఫిజిక్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. వేగం సంగతి థ్రెడ్‌పూల్ గారు చూసుకుంటారు. నేను ఇంకో వైపు నుంచి చెప్తాను.

అమ్మా, నీ 193 అసెంబ్లీల రియాక్టర్‌లో ఎనిమిదో వంతు సౌష్ఠవం (ఎనిమిది ముక్కలూ ఒకేలా ఉండాలన్న షరతు) తీసుకుంటే మిగిలేవి 31 చోట్లు. నడి మధ్యన ఒకటి. అక్షాల మీద 7, వికర్ణాల మీద 5, ఈ 12 చోట్లకు ఒక్కోదానికి నాలుగేసి అసెంబ్లీలు. మిగతా 18 చోట్లకు ఎనిమిదేసి. కూడి చూసుకో: 1, 48, 144. మొత్తం 193. నాలుగేసి ఉన్న జట్టును ఎనిమిదేసి ఉన్న చోటుకు మార్చలేం. కాబట్టి రెండో సైకిల్‌లో, ఏ జట్టుకు ఆ జట్టు వేరుగా కాలి ఉన్నప్పుడు, అమరికల సంఖ్య 12 ఫాక్టోరియల్ ఇంటూ 18 ఫాక్టోరియల్. సుమారు 3 పక్కన 24 సున్నాలు.

ఒక్కో అమరికకు ఒక సెకను చొప్పున లక్ష ప్రాసెసర్లు కూర్చుని చేసినా, అన్నీ చూడటానికి లక్ష కోట్ల సంవత్సరాలు దగ్గర దగ్గర పడుతుంది. విశ్వం వయసే 1380 కోట్ల సంవత్సరాలు. అందుకే నేనెప్పుడూ చెప్పేది ఇదే: ఎక్కువ మందిని పెడితే అన్నీ చూసేయొచ్చు అన్న ఆశ ఇక్కడ పనికిరాదు. వెతికేవాళ్లు ఒకరికొకరు ఏం చెప్పుకోవాలి, ఎప్పుడు చెప్పుకోవాలి అన్నదే సమాంతర గణనలో సారం.

ఇందులో నాకు ఎప్పటికీ ఇష్టమైన చరిత్ర ఒకటుంది. 1953లో లాస్ అలమోస్‌లో మెట్రోపొలిస్, రోజెన్‌బ్లూత్ దంపతులు, టెల్లర్ దంపతులు కలిసి ఒక పద్ధతి ప్రచురించారు. ఒక అమరికను కాస్త మార్చి చూడు, బాగుంటే ఒప్పుకో, బాగోలేకపోయినా అప్పుడప్పుడు ఒప్పుకో అన్నది దాని మూలం. దాన్ని మానియాక్ అనే తొలినాటి కంప్యూటర్ మీద ప్రోగ్రామ్‌గా రాసింది అరియానా రోజెన్‌బ్లూత్. ముప్పై ఏళ్ల తర్వాత, 1983లో, కిర్క్‌పాట్రిక్ బృందం దాన్నే సిమ్యులేటెడ్ ఎనీలింగ్‌గా మార్చింది. ఆ తర్వాత నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఫార్మోసా అనే ప్రోగ్రామ్‌తో దాన్ని ఇంధనం అమరికకు వాడారు. అణు ప్రయోగశాలలో పుట్టిన పద్ధతి చుట్టూ తిరిగి రియాక్టర్ దగ్గరికే వచ్చింది.

గోదారిగట్టు | మంగళవారం, ఉదయం 9:05

ఎనీలింగ్‌లో ప్రతి అడుగూ ముందు అడుగు మీద ఆధారపడుతుంది కదా సార్? మరి దాన్ని 16 మందికి ఎలా పంచుతారు?

కోర్ లెక్కల మనిషి | మంగళవారం, ఉదయం 9:50

సరైన చోట పట్టుకున్నారు. ఒక గొలుసును ముక్కలు చేయలేం. అందుకే 16 గొలుసులు విడివిడిగా నడుపుతాం. ఉష్ణోగ్రత (బాగోలేనిదాన్ని ఎంత తరచుగా ఒప్పుకోవాలో చెప్పే సంఖ్య) ఒక మెట్టు దిగిన ప్రతిసారీ అందరూ ఆగి, తాము చేరిన చోటును బయటపెడతారు. బాగున్న చోటు నుంచి తిరిగి మొదలుపెట్టే అవకాశం ఎక్కువ, బాగోలేని దానికి తక్కువ. కానీ సున్నా కాదు. సున్నా చేస్తే అందరూ ఒకే గుంటలో పడతారు.

తెనాలి ఎంటెక్ | బుధవారం, సాయంత్రం 7:15

థ్రెడ్‌పూల్ సార్, మీకు చాలా థాంక్స్. లైబ్రరీ థ్రెడ్లు 1 చేయగానే 9 రెట్లకు వచ్చింది. ఫైల్ మెమరీలో పెట్టి, 112 అమరికలు చేసి, ఖాళీ అయినవాళ్లు తర్వాతిది తీసుకునేలా మార్చాక దాదాపు 13 రెట్లు వచ్చింది. మా గైడ్ చాలా సంతోషించారు.

కోర్ లెక్కల సార్ చెప్పింది చదివాక ఇంకో మార్పు కూడా చేశాను. ఒకే పెద్ద జనాభా తీసేసి, ఒక్కో ప్రాసెసర్‌కు చిన్న జనాభా ఇచ్చాను, దీవుల్లాగా. ముందు దీవుల మధ్య రాకపోకలేమీ పెట్టకుండా నడిపాను. ఫలితం చూసి ఆశ్చర్యపోయాను. 16 దీవులూ ఒకే అమరికకు చేరాయి! పీకింగ్ ఫ్యాక్టర్ నాలుగో దశాంశం దాకా ఒక్కటే. పదహారు మంది విడివిడిగా వెతికి ఒకే జవాబు చెప్పారంటే, అంతకన్నా మంచిది లేదనే కదా?

గోదారిగట్టు | బుధవారం, సాయంత్రం 7:32

అభినందనలు! ఇది పేపర్‌గా పంపొచ్చేమో.

థ్రెడ్‌పూల్ | బుధవారం, రాత్రి 8:10

ఆగండి. పేపర్ పంపకండి, గైడ్‌కి కూడా చెప్పకండి. దీవులన్నిటికీ ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యల వరుసను మొదలుపెట్టే సంఖ్య) ఏం ఇచ్చారు?

తెనాలి ఎంటెక్ | బుధవారం, రాత్రి 8:25

42 అని పైన ఒక చోట పెట్టాను. ఫలితం మళ్లీ మళ్లీ అదే రావాలని.

థ్రెడ్‌పూల్ | బుధవారం, రాత్రి 8:52

అయితే పదహారు దీవులు లేవు, ఒక్క దీవే పదహారు సార్లు నడిచింది. అందరికీ ఒకే సీడ్, ఒకే యాదృచ్ఛిక సంఖ్యల వరుస, ఒకే మొదటి జనాభా, ఒకే మార్పులు. ప్రతి ప్రాసెసరూ పక్కవాడు చేసిన లెక్కనే అక్షరం పొల్లుపోకుండా చేసింది. మీరు చూసింది ఏకాభిప్రాయం కాదు, ప్రతిధ్వని.

ఇది నాకు బాగా తెలిసిన నొప్పి. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేరే రకం సిమ్యులేషన్‌లో ఇదే తప్పు చేసి, వారం రోజుల మెషిన్ టైమ్ పోగొట్టాను. తప్పు ఎక్కడా ఎర్రగా కనిపించదు, ప్రోగ్రామ్ ఆగదు, ఫలితాలు అందంగా ఉంటాయి. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

సీడ్‌కు దీవి నంబర్ కలిపి సరిపెట్టకండి. నమ్‌పైలోనే ఒక మూల సీడ్ నుంచి ఒకదానితో ఒకటికి పొంతన లేని సంతాన సీడ్లు పుట్టించే సదుపాయం ఉంది, అది వాడండి. మూల సీడ్ రాసి పెట్టుకుంటే మళ్లీ అదే ఫలితం రాబట్టుకోవడానికీ పనికొస్తుంది.

తెనాలి ఎంటెక్ | బుధవారం, రాత్రి 9:00

అయ్యో. ఇప్పుడే మారుస్తాను.

మౌలాలి | గురువారం, ఉదయం 7:40

మా నాన్న హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో పనిచేశారు. చిన్నప్పుడు ఇంధన కట్ట నమూనా చూపించి, ఇందులో 19 కడ్డీలుంటాయి అని లెక్కపెట్టించేవారు. మన దేశంలో ఎక్కువ భాగం భారజల రియాక్టర్లే కదా. కైగా, కాక్రపార్, రావత్‌భాటాల్లో రియాక్టర్ నడుస్తుండగానే ఇంధనం మారుస్తారు. కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబర్ 31 దాకా ఆగకుండా 962 రోజులు నడిచిందంటే అందుకే. మరి ఆగనే ఆగని రియాక్టర్‌కు ఈ అమరిక సమస్య ఉంటుందా?

కోర్ లెక్కల మనిషి | గురువారం, ఉదయం 10:15

ఉంటుంది, రూపం వేరు. 220 మెగావాట్ల భారజల రియాక్టర్‌లో 306 ఛానళ్లు, ఒక్కో ఛానల్‌లో 12 కట్టలు, అంటే 3672 కట్టలు. అందులో పుట్టే వేడి సుమారు 756 మెగావాట్లు. సహజ యురేనియం టన్నుకు ఏడు వేల మెగావాట్-రోజులు ఇస్తుందనుకుంటే, రోజుకు 108 కిలోలు కాలుతుంది. కట్టలో పదమూడున్నర కిలోల దాకా యురేనియం. కాబట్టి రోజుకు ఎనిమిది కట్టలు, అంటే దాదాపు రోజుకో ఛానల్. రేపు ఏ ఛానల్ తెరవాలి అన్నది అక్కడి ప్రశ్న. ఈరోజు తీసుకున్న నిర్ణయం మూడు నెలల తర్వాత ఏ మూల వేడెక్కుతుందో మారుస్తుంది. చదరంగం లాంటిది.

అయితే ఒకే ఒక్కసారి మాత్రం తెనాలి అమ్మాయి సమస్యే అక్కడా వస్తుంది. అది మొట్టమొదటి లోడింగ్. కట్టలన్నీ కొత్తవే కాబట్టి మధ్యలో పవర్ బాగా పెరిగిపోతుంది. పూర్తి సామర్థ్యంతో నడపాలంటే మధ్యన ఎక్కడో న్యూట్రాన్లను పీల్చే కట్టలు పెట్టాలి. గుజరాత్‌లోని కాక్రపార్ రియాక్టర్లలో దానికి థోరియం వాడారు. 3672 చోట్లలో 35 థోరియం కట్టలు. ఎక్కడ పెట్టాలి? సౌష్ఠవం చూడకుండా లెక్కేస్తే ఆ ఎంపికల సంఖ్యకు 85 అంకెలు. పైగా షట్‌డౌన్ కడ్డీల పక్కన పెడితే వాటి బలం తగ్గుతుంది. పవర్ చదునుగా ఉండాలి, ఆపే శక్తీ తగ్గకూడదు.

మన దగ్గర సమాంతర యంత్రాలకూ ఈ రంగానికీ పాత బంధమే. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు అనుపమ్ అనే సమాంతర కంప్యూటర్ల వరుసను 1991 నుంచి తామే కట్టుకుంటూ వచ్చారు.

కొవ్వాడ తీరం | గురువారం, రాత్రి 8:30

నేను ఇంజనీరును కాదు. మాది శ్రీకాకుళం జిల్లా. కొవ్వాడలో ఏపీ1000 రకం రియాక్టర్లు ఆరు పెడతామని ఎన్నో ఏళ్లుగా వింటున్నాం, అందుకే ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. నాకొక సందేహం. కంప్యూటర్ మంచి అమరిక ఇచ్చింది సరే. మనుషులు నింపేటప్పుడు ఒకటి అటూ ఇటూ అయితే?

కోర్ లెక్కల మనిషి | గురువారం, రాత్రి 9:20

ప్రాణాల మీద శ్రద్ధ ఉన్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న అండీ ఇది. అలా జరిగింది కూడా. 2001లో ఫ్రాన్స్‌లోని డాంపియేర్ నాలుగో యూనిట్‌లో ఇంధనం నింపుతుండగా వరుస తప్పింది. దాంతో చాలా అసెంబ్లీలు తమవి కాని చోట్లకు వెళ్లాయి. రియాక్టర్ మొదలుపెట్టకముందే గుర్తించి సరిచేశారు.

ప్రతి అసెంబ్లీ తల మీద గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది. నింపడం అయ్యాక నీటిలోకి కెమెరా దించి, ఒక్కో సంఖ్యనూ పటంతో సరిచూస్తారు. తర్వాత తక్కువ పవర్‌లో నడిపి, లోపలి డిటెక్టర్ల కొలతలు ముందు వేసిన లెక్కతో కలుస్తున్నాయో లేదో చూసి, అప్పుడు మెట్టు మెట్టుగా పవర్ పెంచుతారు. ఏపీ1000లో 157 అసెంబ్లీలు ఉంటాయి. మీ దగ్గర కడితే, ఆ తనిఖీలు ఎలా చేస్తారని అడిగే హక్కు మీకుంది. అడగండి.

కొవ్వాడ తీరం | గురువారం, రాత్రి 9:34

ఇంత వివరంగా మాకు ఎవరూ చెప్పలేదు. నమస్కారాలు.

గోదారిగట్టు | శుక్రవారం, మధ్యాహ్నం 1:10

డిఫ్యూజన్ లెక్క అంటే ఉజ్జాయింపే కదా. ఓపెన్‌ఎంసీ లాంటి మాంటే కార్లో ప్రోగ్రామ్ (ఒక్కో న్యూట్రాన్ దారిని యాదృచ్ఛిక సంఖ్యలతో అనుకరించేది) ఉచితంగానే దొరుకుతుంది, జీపీయూల మీద కూడా నడుస్తుంది. నేరుగా అదే వాడొచ్చుగా?

థ్రెడ్‌పూల్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:05

వెతుకులాట లోపల వద్దు. మాంటే కార్లో జవాబులో ఎప్పుడూ కొంత వణుకు ఉంటుంది. రెండు అమరికల మధ్య తేడా ఆ వణుకు కంటే చిన్నదైతే ఏది మంచిదో తేలదు. దాన్ని తగ్గించడానికి నాలుగు రెట్లు కణాలు నడిపితే సగమే తగ్గుతుంది. చివర్లో మిగిలిన పది పదిహేను అమరికల్ని సరిచూసుకోవడానికి మాత్రం తప్పకుండా వాడాలి.

తెనాలి ఎంటెక్ | శనివారం, రాత్రి 8:45

సీడ్లు సరిచేశాను. ఇప్పుడు 16 దీవులకు 16 రకాల జవాబులు వచ్చాయి! మొదట ఏడుపొచ్చింది. మొన్న అంత చక్కగా కలిసినవి ఇలా చెదిరిపోయాయేంటి అనిపించింది. తర్వాత దీవులను వలయంలా కలిపి, పది తరాలకోసారి ఒక్కో దీవి తన మంచి అమరికను పక్క దీవికి పంపేలా పెట్టాను. చివరికి నాలుగు కుటుంబాలుగా సర్దుకున్నాయి. వాటిలో అన్నిటికంటే మంచిది, మొన్నటి ‘ఒకే జవాబు’ కంటే స్పష్టంగా మెరుగ్గా ఉంది.

ఇంకా ఒకటి. గెలిచిన అమరికను బీవర్స్‌లోని అసలు పటంతో పోల్చి చూశాను. నా ప్రోగ్రామ్‌కు ఆ పటం చూపించలేదు. అయినా 3.1 శాతంవి అంచులకు చేరాయి. లోపల 1.6, 2.4 శాతంవి చాలా చోట్ల చదరంగం గళ్లలా పడ్డాయి. అసలు రియాక్టర్‌లోనూ అంతే ఉంది. ఆ గళ్లు స్క్రీన్ మీద చూసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

కోర్ లెక్కల మనిషి | ఆదివారం, ఉదయం 6:50

అమ్మా, చదువుతుంటే నాకూ అంతే సంతోషం కలిగింది. నలభై ఏళ్ల కిందట మేం గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో వేసిన గళ్లు అవి.

ఇక అసలు పరీక్ష. ఘాటైన ఇంధనాన్ని అంచున పెడితే పవర్ చదునుగా ఉంటుంది నిజమే. కానీ అక్కడ పుట్టిన న్యూట్రాన్లు చాలా మటుకు బయటికి పోతాయి. పోయినవి వృథా, పైగా రియాక్టర్ వెసెల్ ఉక్కును కొట్టి కొట్టి పెళుసుగా చేస్తాయి. అందుకే తర్వాతి సైకిళ్లలో బాగా కాలిన పాతవాటిని అంచుకు నెట్టి, కొత్తవాటిని లోపలికి తెస్తారు. లోపల కొత్తవి మరీ మండిపోకుండా గాడోలినియం కలుపుతారు. గాడోలినియం-157 న్యూట్రాన్‌ను పీల్చే గుణం రెండున్నర లక్షల బార్న్‌లు (ఆ గుణాన్ని కొలిచే ప్రమాణం). తన పని తాను చేసి, సైకిల్ నడిచేకొద్దీ కరిగిపోతుంది.

నీ ప్రోగ్రామ్‌కు ఇదేమీ తెలియదు. పీకింగ్ ఒక్కటే అడిగావు, అదే ఇచ్చింది. సైకిల్ ఎన్ని రోజులు వస్తుంది, మొదట్లో నీటిలో న్యూట్రాన్లను పీల్చే బోరాన్ ఎంత కావాలి, నీరు వేడెక్కితే రియాక్టివిటీ (గొలుసు చర్య జోరు) తగ్గుతుందా పెరుగుతుందా, ఇవి అడగలేదు. బోరాన్ మరీ ఎక్కువైతే ఆ చివరిది తలకిందులయ్యే ప్రమాదం ఉంది. అలాంటి అమరికకు పీకింగ్ ఎంత బాగున్నా పక్కన పడేయాలి. రివ్యూలో ఎవరూ అడగకపోయినా నువ్వే ముందు చెప్పు.

థ్రెడ్‌పూల్ | ఆదివారం, ఉదయం 11:20

రెండో సైకిల్‌లో ప్రతి అమరికనూ బర్నప్ (ఇంధనం కాలిన మేర) మెట్లు మెట్లుగా నడపాలి కాబట్టి ఒక్కో లెక్కకు సమయం పది, పదిహేను రెట్లు పెరుగుతుంది. రెండు చిట్కాలు. పిల్ల అమరికకు ఫ్లక్స్‌ను (ఎక్కడ ఎంత న్యూట్రాన్ల ప్రవాహం ఉందో ఆ లెక్కను) సున్నా నుంచి మొదలుపెట్టకండి, తల్లి అమరిక ఫ్లక్స్‌తో మొదలుపెడితే త్వరగా కుదురుకుంటుంది. సైకిల్ మొదట్లోనే పీకింగ్ హద్దు దాటిన అమరికను చివరిదాకా నడపకండి, అక్కడే ఆపేయండి. దీనివల్ల దీవులకు పట్టే సమయాల్లో తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి రాకపోకలప్పుడు అందరూ ఆగి ఎదురుచూసే పద్ధతి తీసేయండి. పంపాల్సింది పక్క దీవి పెట్టెలో వేసి ముందుకు పోవాలి, వాళ్లు తీరినప్పుడు తీసుకుంటారు.

తెనాలి ఎంటెక్ | సోమవారం, రాత్రి 10:05

ముగ్గురు చెప్పినవీ రాసుకున్నాను. బోరాన్, మోడరేటర్ కోఎఫిషియంట్ (నీరు వేడెక్కితే రియాక్టివిటీ ఎటు మారుతుందో చెప్పేది) రెండిటికీ హద్దులు పెట్టాను. పెట్టెల పద్ధతి ఇంకా సరిగ్గా కుదరలేదు, ఒక దీవి పంపినది అప్పుడప్పుడు రెండుసార్లు చేరుతోంది. రేపు ఆ భాగం కోడ్ ఇక్కడ పెడతాను, చూసి చెప్పండి. ఈలోగా పాత పద్ధతిలోనే రెండో సైకిల్ రన్ ఇప్పుడే మొదలుపెట్టాను. మూల సీడ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఈసారి 42 కాదు.